తప్పుతో మొదలుపెట్టే మాస్టారు

రోజుకో తప్పయినా చేయనిదే ఆ మాస్టారికి పాఠం సాగేది కాదు. చెప్పేది కొత్త ప్రోగ్రామింగ్ భాష. వినేవాళ్ళు పదేళ్ళకు తగ్గని అనుభవమున్న పద్నాలుగు మంది ఇంజనీర్లు. ఆయన తెర మీద ప్రోగ్రాం రాసి నడిపించగానే తప్పు పట్టే ఎర్రక్షరాలో, తిక్క జవాబో వచ్చి పడేవి. వెంటనే కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, తల గోక్కుని, "అరెరె! మళ్ళీ తప్పులో కాలేశానండీ" అనేవారు. ఆ మాట అనేటప్పుడు మొహంలో లాటరీ తగిలినంత వెలుగు!

రెండో రోజు, వరసలో నిలబడ్డవాళ్ళను పిలిచే ప్రోగ్రాం రాశారు. అది మొదటాయన్ని వదిలేసి రెండో ఆయన్ని పిలిచింది.

"ఈ భాష సున్నా నుంచి లెక్కపెడుతుందండీ. నేను ఒకటి నుంచి మొదలెట్టా. పాపం, పొద్దున్నే వచ్చి నుంచున్న మనిషికి అన్యాయం చేశా."

మర్నాడు ఒక జాబితాకు నకలు తీశాననుకుని, దానికి రెండో పేరు మాత్రం పెట్టి ఊరుకున్నారు. నకల్లో ఒక వరస కొట్టేస్తే అసల్లోనూ ఎగిరిపోయింది.

"మనిషి ఒక్కడే, పేర్లు రెండు. ముద్దుపేరు పెట్టి తిడితే అసలు పేరువాడికి తగలదా చెప్పండి?"

"ఈయనకి మనమే నేర్పేలా ఉన్నాం," అన్నాడు వెనక బెంచీలోంచి, ఆఫీసంతా మేధావి అని పిలిచే కుర్ర ఇంజనీరు. అందరూ నవ్వారు. మేధావీ నవ్వాడు గాని, కాస్త ఆలస్యంగా.

ముందు బెంచీలో కూర్చున్న, అందరూ అక్కగారని పిలిచే ఆవిడకు మాత్రం నవ్వు రాలేదు. ఇరవై మూడేళ్ళుగా ఒకే పాత భాషలో రాస్తున్న మనిషి. ఏ ప్రోగ్రాం మొండికేసినా జనం ఆవిడ దగ్గరికే పరుగెత్తేవారు. ఇప్పుడా పాత సాఫ్ట్‌వేర్‌ను ఆపేస్తున్నారు. రెండు వారాల ఈ తరగతి అయ్యాక పరీక్ష. అందులో గట్టెక్కితేనే కొత్త బృందంలో చోటు. తను పని నేర్పిన పిల్లల మధ్య కూర్చుని "ఇది నాకు తెలీదు" అనాలంటే ఆవిడకు ప్రాణం పోయినంత పని. అందుకే నోరు విప్పేది కాదు. సాయంత్రం ఇచ్చిన అభ్యాసం చేసి, అందరిలాగే మాస్టారికి పంపేది.

మూడో రోజు అభ్యాసం ఆవిడను ముప్పుతిప్పలు పెట్టింది. ప్రోగ్రాం లెక్కంతా చేస్తుంది, జవాబేదని అడిగితే మాత్రం 'ఏమీ లేదు' అంటుంది. గంటన్నర కుస్తీ పట్టి, అలాగే పంపేసింది.

"ఒక నిద్ర తీస్తే అదే సర్దుకుంటుందిలే," అన్నాడు భర్త.

"సర్దుకోడానికి ఇదేమైనా జలుబా?" అంది అక్కగారు. తరగతి మానేస్తానని మాస్టారితో చెప్పేద్దామని మర్నాడు అందరికంటే ముందే వెళ్ళింది.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మాస్టారొక్కరే. కిటికీలోంచి రోడ్డు చూస్తూనే, టకటకా ఆ అభ్యాసమంతా రాసి నడిపించారు. ఒక్క ఎర్రక్షరం రాలేదు. అక్కగారు నోరెళ్ళబెట్టింది. అంతలో ఆయన ఒక కాగితం చేతిలోకి తీసుకుని, దాన్ని చూస్తూ జాగ్రత్తగా ఒక వరస చెరిపేశారు. ప్రోగ్రాం 'ఏమీ లేదు' అంది.

మాస్టారు లేచి, కళ్ళజోడు నుదుటికి నెట్టి, తల గోక్కుని, "అరెరె! మళ్ళీ తప్పులో..." అన్నారు. నచ్చలేదు. ఇంకాస్త దిగులు కలిపి మళ్ళీ అన్నారు. మూడోసారికి గాని తృప్తి కలగలేదు.

అక్కగారు దగ్గరికి వెళ్ళి కాగితం చూసింది.

"మాస్టారూ, ఈ తప్పు నాది కదండీ?"

ఆయన కంగారుపడ్డారు. "మీదెందుకవుతుందమ్మా? నాదే. ఎన్నేళ్ళనుంచో చేస్తున్నా."

"పైన నా పేరుందండీ."

ఆయన గబుక్కున కాగితం బోర్లించి నిట్టూర్చారు. "కొత్తవాళ్ళయితే తెలీదని గట్టిగా అరిచి చెప్తారమ్మా. మీలాంటి అనుభవజ్ఞులకి మొహమాటం. ఆ ఒక్క మాట అనలేక ఉద్యోగమైనా మానేస్తారు. నాకా, సిగ్గూ ఎగ్గూ ఎప్పుడో పోయాయి. అందుకని అందరి తప్పులూ నేనే చేసేస్తుంటా."

అక్కగారు వచ్చిన పని చెప్పకుండానే వెళ్ళి తన చోట కూర్చుంది.

తరగతి మొదలైంది. తెర మీద 'ఏమీ లేదు' కనబడింది. కళ్ళజోడు నుదుటికెక్కింది.

"అరెరె! మళ్ళీ..."

"అది మీ తప్పు కాదండీ, నాది." అక్కగారు లేచి నిలబడింది. "నిన్న గంటన్నర కొట్టుకున్నా. నాకు తెలీలేదు. మళ్ళీ మొదట్నుంచి చెప్పండి."

మేధావి మెల్లిగా లేచాడు. "మొన్న రెండు పేర్ల జాబితా... నాదండీ."

"సున్నా నాది!"

"నాది కూడా!"

మాస్టారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. "కూర్చోండి బాబూ, కూర్చోండి! ఏళ్ళ తరబడి కష్టపడి సంపాదించుకున్న చెడ్డపేరండీ ఇది. ఒక్క పూటలో లాగేసుకుంటారా?"

ఆ రోజు ప్రశ్నలు వర్షంలా కురిశాయి. సగం అక్కగారివే. జవాబు దొరికినా దాన్ని అడిగినవాళ్ళకు తిరిగిమ్మని ఈ భాషకు విడిగా చెప్పాలనీ, పాత భాష అడక్కుండానే ఇచ్చేదనీ ఆవిడకు తేలిపోయింది.

చివరి రోజు పరీక్షలో అక్కగారు ఏడో స్థానంలో గట్టెక్కింది. ఆ సంబరంలో మాస్టారు అప్పటికప్పుడు పద్నాలుగు పేర్లకూ అభినందనలు చెప్పే ప్రోగ్రాం రాసి నడిపించారు. తెర నిండా ఎర్రక్షరాలు! ఈసారి కళ్ళజోడు కదలలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ముందురోజు ఎవరికీ అభ్యాసమే ఇవ్వలేదు; తప్పు అరువు తెచ్చుకునే వీలే లేదు.

అక్కగారికి అర్థమైంది. చేయెత్తింది.

"అది నాదండీ, మాస్టారూ."

"అక్కగారూ, అన్యాయం," వెనక నుంచి అన్నాడు మేధావి, "ఈసారి నా వంతు!"