కానుగ నూనె మీద ధర్మవరం దాకా, దాదాపు

పర్యావరణ ప్రచారానికి బయల్దేరదామని అనుకున్నప్పుడు మా దగ్గర బ్యానరు ఉంది, మైకు ఉంది, ఉత్సాహమైతే కొలవలేనంత ఉంది. బండి మాత్రం లేదు. సెల్‌ఫోన్లు కొత్తగా చేతికొచ్చిన రోజులవి. డీజిలు ధర ఎక్కినప్పుడల్లా జీపువాళ్ళ మొహాలు దిగేవి. నా సహపాఠి సాదిక్ వాళ్ళ నాయన మస్తాన్ మామ హిందూపురం నుంచి పెనుకొండకు సర్వీసు జీపు తోలేవాడు. ఆ ఇంజను తిరిగితేనే ఆ ఇంట్లో పొయ్యి మండేది. అలాంటి బండిలో, మా క్లాసు గిరిజ కాలేజీ ల్యాబులో కానుగ నూనె నుంచి తయారుచేసిన ఇంధనం పోస్తామని అడిగాం. ఆయన చాలా రోజులు నవ్వి, ఆఖరికి ఒప్పుకున్నాడు.

"తోలేది మాత్రం నేనే. ఇంజను దగ్గిందంటే మిమ్మల్ని యాడుంటే ఆడ దించేస్తా."

ఉదయం ఆరున్నరకు హిందూపురం బస్టాండు దగ్గర ఇడ్లీలు తిని కదిలాం. జీపుకు కట్టిన బ్యానరు మీద "చుక్క డీజిల్ లేకుండా ధర్మవరం" అని ఎర్రటి అక్షరాలు. గిరిజ తను తయారుచేసిందంతా ట్యాంకులో పోసేసింది. నలుగురం పోతే ధర్మవరం దాకా సరిపోతుందని ఆమె లెక్క. తిరుగు ప్రయాణం మామూలు డీజిలుతోనే. ఇంధనం గిరిజది, బండి సాదిక్ వాళ్ళది. నాకు మైకు ఇచ్చారు. ఏ పనీ రానివాళ్ళకు ఇచ్చే పని అదే కదా.

సోమందేపల్లి దగ్గర ఒకాయన చెయ్యెత్తాడు. మామ కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది.

"మామా, ఇది ప్రచార రథం" అన్నాను.

"రథమైనా ఆపాల్సిందే. ఈ పొద్దు ఇడిసిపెట్టి పోతే రేపు నా బండి ఎవురెక్కుతారబ్బా?"

ఆయన ఎక్కాడు, ఆ తర్వాత చెయ్యెత్తినవాళ్ళంతా ఎక్కారు. పెనుకొండ చేరేసరికి లోపల, వెనక మెట్టు మీద, పైన వేరుశనగ మూటల మధ్య కూడా మనుషులే. నా ఉపన్యాసానికి అంతకుముందు ఎప్పుడూ అంతమంది శ్రోతలు దొరకలేదు. దిగి పారిపోయే వీలు లేని శ్రోతలు.

"ఏమబ్బా, ఇది జీపా, దీపమా? వాసన అట్ల కొడతాండాది!" అని పైనుంచి ఎవరో అరిచారు.

"కానుగ నూనేలే అన్నా, కాసేపటికి అలవాటైపోతాది" అంది గిరిజ.

పెనుకొండలో కోట కొండకు ఎదురుగా టీ తాగి, బస్సు కోసం నిలబడినవాళ్ళ ముందు సభ పెట్టాం. సభ బ్రహ్మాండంగా సాగుతుండగా బస్సొచ్చింది. సభ అందులో ఎక్కి వెళ్ళిపోయింది. మామ మాత్రం ఇంజను మీద చెయ్యి వేసి చూస్తూ, పక్క జీపువాళ్ళతో గొప్పలు పోతున్నాడు.

"డీజిల్ కాదప్పా, చెట్టు నూనె! మెత్తగా పోతాండాది బండి."

అక్కడ దిగినంతమంది మళ్ళీ ఎక్కారు. చెన్నేకొత్తపల్లి వచ్చేసరికి ఇంధనం ముల్లు అడుగంటింది. నలుగురికి వేసిన లెక్క నిండు జీపుకు ఎలా చాలుతుంది? కనుచూపు మేరలో పెట్రోలు బంకు ఉంది. దాని ముందుకు ఆ బ్యానరుతో ఏ మొహం పెట్టుకుని పోతాం?

పెనుకొండలో ఎక్కిన ఒక అవ్వ ఇల్లు ఆ పక్కనే. "బంకులో యాల కొనేది? మా ఇంట్లో కానుగ నూనె ఉండాది, తెస్తా ఉండండప్పా" అని పోయి, దీపాలకు దాచుకున్న నూనె క్యాను మోసుకొచ్చింది. మామ సంబరంగా ట్యాంకు మూత తీశాడు. గిరిజ పరుగున వచ్చి ట్యాంకు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు మామా!"

"ఏం? పొద్దున్నుంచీ చెట్టు నూనె, చెట్టు నూనె అని మైకులో అరిచింది మీరే గదమ్మా?"

"మాది మందు కలిపి, కాచి, కడిగి తీసింది. ఇది పచ్చి నూనె. ఈ పొద్దుకు బండి పోతాది. తర్వాత జిడ్డు పేరుకుని ఇంజను నాజిల్ మూసుకుపోతే నువ్వేం చేస్తావు?"

మామ బ్యానరు కేసి చూశాడు. "మరి మీ రాత?"

"అది గుడ్డ మామా. మళ్ళీ రాసుకుంటాం. నీ ఇంజను మళ్ళీ రాసుకునేది కాదు గదా."

అవ్వకు దండం పెట్టి క్యాను తిరిగిచ్చి, బంకుకు పోయాం. బంకు మనిషి బ్యానరు పైకి చదివి, "చుక్కలైతే పొయ్యనప్పా, లీటర్లయితే పోస్తా" అన్నాడు. మాతో పాటు జీపంతా నవ్వింది. సాదిక్ అక్కడే రంగు సంపాదించి "ధర్మవరం" మీద గీత కొట్టి "చెన్నేకొత్తపల్లి" అని రాశాడు.

ధర్మవరంలో మధ్యాహ్నం భోజనం చేసి, మగ్గాల చప్పుడు వినిపించే వీధిలో జరిగిందంతా జరిగినట్టే చెప్పాం. "మిగతా దోవ తోసుకుంటా వచ్చినారా ఏంది?" అని ఒక నేతగాడు ఎగతాళి చేశాడు. చేస్తే చేశాడు గానీ, మా ఇంధనం ఎట్లా చేస్తారో గిరిజను నిలబెట్టి అడిగింది కూడా ఆయనే.

నాలుగింటికి తిరుగుముఖం పట్టాం. ఈ దారిన మా వెనక బయల్దేరేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒకటే. పల్లెల్లో మన మాట వినరేమో అని బెంగ పడకండి. వింటారు. ఎంత బాగా వింటారంటే, వెంటనే ఇంట్లోకి పోయి క్యాను తెచ్చేస్తారు. సగం చెప్పి మైకు దించకూడదు.

పెనుకొండ దాటాం. మస్తాన్ మామ అద్దంలోంచి గిరిజ వైపు చూశాడు.

"మళ్ళెప్పుడు కాస్తావమ్మా? ఈసారి నిండు జీపుకు లెక్కెయ్యి."