కుక్కల హాస్టలు స్వర్ణ

పులికాట్ సరస్సు ఒడ్డున, సూళ్లూరుపేటకు దగ్గర్లోని ఆ జాలర్ల కుప్పంలో స్వర్ణ ఇల్లెక్కడంటే ఏ స్వర్ణ అని అడుగుతారు. కుక్కల హాస్టలు స్వర్ణ అంటే మాత్రం పిల్లలు కూడా చెయ్యెత్తి చూపిస్తారు. శ్రీహరికోట ఉద్యోగులు సెలవులకు ఊళ్లకు వెళితే వాళ్ల కుక్కలు ఆమె దగ్గరే ఉంటాయి. రేకుల కొట్టంలో గోడలు లేపి ఆరు గదులు చేసింది. మూగజీవాల సేవ అని ఎవరైనా పొగిడితే ఆమెకు ఒళ్లు మండుతుంది. సేవయితే డబ్బులెందుకు తీసుకుంటాను, ఇది నా వ్యాపారం అంటుంది. ఆ మాటే నయం. జంతుప్రేమ మీద ఉపన్యాసాలిచ్చి, మెడకు జానెడు గొలుసు వేసి కట్టేసేవాళ్లు మనకు కొత్త కాదు.

ఈ వేసవికి ముందు చిక్కొచ్చిపడింది. ఈ సెలవుల నుంచి లైసెన్సు లేనిచోట కుక్కల్ని వదలకూడదని ఉద్యోగుల కాలనీ సంఘం తీర్మానించింది. సెలవులు దగ్గరపడుతున్నాయి. లైసెన్సు రాకపోతే హాస్టలు మూతే. దరఖాస్తు పెడితే, తనిఖీకి పశువైద్యాధికారి ఎలిశబెతు గారు వస్తున్నారని కబురొచ్చింది.

ఆ ఉదయం స్వర్ణే వెళ్లి ఆమెను ఆటోలో తీసుకొచ్చింది. కొట్టం తలుపు తీస్తే గదులన్నీ తళతళలాడుతున్నాయి, ఫినాయిలు వాసన గుప్పుమంది. కుక్క మాత్రం ఒక్కటీ లేదు.

స్వర్ణ భర్త పెంచలకృష్ణ సరస్సులో వేట చేస్తాడు. ఆఫీసరు వస్తున్నాడని తెలిస్తే, నిషేధించిన సన్నకన్ను వలల్ని పడవలో వేసుకుని దూరంగా దిబ్బ మీద దాచేయడం కుప్పంలో తాతల నాటి అలవాటు. ఆ అలవాటుకు ఏ శాఖ ఆఫీసరయినా ఒకటే. భార్య అటు వెళ్లగానే హాస్టల్లో ఉన్న ఐదు కుక్కల్నీ పడవెక్కించాడు.

స్వర్ణ పక్కకు వెళ్లి ఫోను చేస్తే, ఘనకార్యం చేసినట్టు చెప్పాడు. "కుక్కల్లేవని చెప్పెయ్. ఖాళీ గదిలో తప్పేం దొరకతాది? సంతకం పెట్టి పోతాది."

కానీ ఎలిశబెతు అప్పటికే ఫైలు మూసేశారు. జంతువుల్ని చూడకుండా రాయలేననీ, కుక్కలు వచ్చాక ఇంకోసారి వస్తాననీ అన్నారు. ఇంకోసారి అంటే వేసవి దాటాకే.

స్వర్ణ కుర్చీ తెచ్చి వేసింది. "కుక్కలుండాయి మేడమ్. వలలు దాచినట్టు మా ఆయన దాచినాడు. కూర్చోండి, రప్పిస్తా."

పడవ తిరిగొచ్చేసరికి కుప్పం సగం ఒడ్డునే ఉంది. పడవ ముందు కొసన లాబ్రడార్ యజమానిలా నిలబడింది. తెల్ల పొమేరియన్ బురద రంగుకు తిరిగింది. పొట్టికాళ్ల డాష్‌హండ్ దారంతా కక్కుకుంటూ వచ్చింది. ఎదురింటి ముసలమ్మ నవ్వు ఆపుకోలేదు. "ఏం కిష్ణా, ఈపొద్దు వేట బాగా పడినట్టుందే. కిలో ఎంతబ్బా?"

ఎలిశబెతు నవ్వలేదు. కుక్కల్ని ఒక్కొక్కదాన్నే పట్టి చూశారు. గదుల మధ్య గోడలు నడుమెత్తే ఉన్నాయి. జబ్బు చేసిన కుక్కను ఎక్కడ పెడతావని అడిగారు. దాని గదిలోనే, అంది స్వర్ణ. ఒకటి దగ్గితే పక్కదానికి అంటదా అన్నారావిడ.

"అది జబ్బు కాదు మేడమ్, దానికి పడవ పడలా," డాష్‌హండ్‌ను చూపిస్తూ అన్నాడు పెంచలకృష్ణ.

"రేపు నిజంగా జబ్బు చేస్తే?"

చివరి గది గోడ పైకప్పు దాకా లేపి, దాన్ని జబ్బు కుక్కకే ఉంచాలి. ఆరు కాదు, ఐదింటికే లైసెన్సు అని తేల్చారు ఎలిశబెతు. రూలు ఆఫీసర్ల పీడ అని కుప్పం తీర్పు చెప్పేసింది కానీ, ఈ రూలులో న్యాయముందని స్వర్ణకు అర్థమైంది. తనకు ముందే తట్టనందుకు కాస్త ఉక్రోషం కూడా కలిగింది. రేపే లేపిస్తానంది. సిమెంటు కలిపే పని పెంచలకృష్ణకు పడింది. ఎలిశబెతు గారికి గోడ ఫొటోలు వెళ్లాయి, సెలవులకు ముందే లైసెన్సు చేతికొచ్చింది.

సెలవుల మొదటిరోజే ఐదు గదులూ నిండాయి. చివర్లో పాత ఖాతాదారు సుధాకర్, చెన్నై రైలుకు టైమవుతోందంటూ కుక్కతో దిగాడు. చివరి గదివైపు చూపించాడు. "అది ఖాళీయే గదక్కా."

"ఖాళీ కాదన్నా. జబ్బు కుక్కది."

"ఏదీ, ఎక్కడుంది?"

"ఇంకా రాలేదు."

ఎంత బతిమాలినా స్వర్ణ తాళం తీయలేదు. కుక్కను ఇంట్లో ఉంచుకుని చూసుకుంటాడని సూళ్లూరుపేటలో ఉన్న తన తమ్ముడి నంబరిచ్చి, కుక్కకు తాగడానికి నీళ్లు పెట్టి, ఆటోను తనే పిలిచింది.