బాగున్నామని చెప్పినందుకు

మా పక్కింటి లోరైన్‌కు తన కష్టం చెప్పుకోవడం చేతకాదు. హంబర్ రేవులో చేపలు కోసే షెడ్డులో పని. ఇంగ్లండు చలికి వేళ్ళు కొంకర్లు పోయినా, ఎలా ఉన్నావంటే "నాకేం, బ్రహ్మాండంగా ఉన్నా" అంటుంది. మొగుడు వదిలేసి పోయినప్పుడూ అదే మాట. నాకు ఒళ్ళు మండేది.

ఆమె కొడుకు గ్యారెత్‌కు పద్దెనిమిదేళ్ళు నిండబోతున్నాయి. మనిషి ఎదిగాడు గానీ మనసు పసివాడిదే. మూర్ఛలు కూడా ఉన్నాయి. బడి అయిపోతే పగలు వాడి దగ్గర ఎవరుంటారు? ఊరి పాలన చూసే కౌన్సిల్ వాళ్ళు వాణ్ణి కనిపెట్టుకుని ఉండే మనిషిని ఇస్తేనే లోరైన్ పని నిలుస్తుంది. పెద్దవాడయ్యాక వాడికి ఏ సాయం కావాలో తేల్చడానికి హేజెల్ అనే అమ్మాయి వస్తానంది.

ఇక మా వీధి ఆడవాళ్ళ బుద్ధి చూడండి. కౌన్సిల్ మనిషి వస్తుందంటే గుమ్మం కడుగుతాం, కర్టెన్లు ఉతుకుతాం. లోరైన్ అంతటితో ఆగలేదు. కొడుకు కోపంలో తన్ని విరగ్గొట్టిన తలుపు బాగుచేయించి రంగు వేసింది. వాడికి టీ పెట్టడం నేర్పింది. ఒకప్పుడు ఇలాంటివాడే అయిన వాళ్ళ పిన్ని కొడుకును కౌన్సిల్ వాళ్ళు ఇలాగే చూడ్డానికొచ్చి, తీసుకుపోయి ఆస్పత్రిలో పెట్టారు. ఆ భయం ఆమెను వదల్లేదు.

హేజెల్ వచ్చిన రోజు తోడుగా నేనూ కూర్చున్నాను.

"స్నానం తనే చేస్తాడా?" అంది హేజెల్.

"చక్కగా చేస్తాడమ్మా."

"రాత్రి నిద్ర?"

"దానికేం, హాయిగా పడుకుంటాడు."

బల్ల కింద ఆమె కాలు తొక్కాను. పట్టించుకోలేదు. గ్యారెత్ టీ తెచ్చిస్తే హేజెల్ ముఖం విప్పారింది.

ఆ పిల్ల వెళ్ళగానే కడిగేశాను. "వాడికి నీళ్ళుపోసి పోసి నీ నడుం పడిపోయింది కదే! ఎవరిని మెప్పిద్దామని?"

"మన ఇంటి గోడు పరాయివాళ్ళ ముందు పరుచుకుంటామా?" అంది.

ఇంట్లో మనిషి అక్కర్లేదని, వారానికో పూట ఇలాంటి పిల్లలకోసం నడిపే క్లబ్బుకు పంపితే చాలని ఫోనొచ్చింది. లోరైన్ కూలబడి ఏడ్చింది. హేజెల్‌ను ఏమనగలం? చూపించిందే చూసింది.

నేనే పోరి మళ్ళీ పిలిపించాను. ఈసారి హేజెల్ నెమ్మదిగా అంది: "బాగున్న రోజు సంగతి వద్దండీ. అస్సలు బాగోని రోజు ఎలా ఉంటుందో చెప్పండి. గ్యారెత్ కూడా ఇక్కడే ఉండాలి, ఇది అతని విషయం."

లోరైన్ నోరు విప్పింది. పక్క తడపడం, ఒళ్ళు కడుక్కోలేకపోవడం, మూర్ఛలో నాలుక కొరుక్కోవడం, కోపమొస్తే తనను కొట్టడం. ఏళ్ళ తరబడి దాచినదంతా ఆగకుండా వచ్చేసింది. "వాడికి ఏదీ రాదు తల్లీ, ఏదీ రాదు" అని వెక్కిళ్ళు పెట్టింది. గ్యారెత్ తల్లి నోటివంకే చూస్తూ కూర్చున్నాడు.

మనిషిని ఇచ్చారు. మొదటిరోజు పొద్దున లోరైన్ కోటు వేసుకుని పనికి బయల్దేరింది. వచ్చినతను గ్యారెత్ ముందు బూట్లు పెట్టి, "తొడుక్కో బాబూ, అలా నడిచొద్దాం" అన్నాడు. చిన్నప్పటి నుంచీ వాడు బూట్లు తనే తొడుక్కుంటాడు.

గ్యారెత్ రెండు కాళ్ళూ ముందుకు చాపాడు.

"నాకు రాదు. అమ్మ చెప్పింది."