గున్నమ్మ అరచెయ్యి

ఉక్కు కర్మాగారం పక్క బస్తీ క్యాంప్ 2లో ఉండే గున్నమ్మ బడిపిల్లల్ని జాముల్ ఊళ్లోని బడి దగ్గర దించి ఎండలో తిరిగొచ్చాక తన ఎలక్ట్రిక్ కారుకు వెంటనే ఛార్జింగు పెట్టదు. చెప్పులు విడిచి, మోకాళ్ల మీద వంగి, కారు అడుగున బ్యాటరీ ఉన్నచోట అరచెయ్యి ఆనిస్తుంది. చేతికి వేడి తగలడం మానే దాకా ప్లగ్గు మేకుకే వేలాడుతుంది. నీడ చాలదని కారు నిలిపే రేకుల పాక మీద వరిగడ్డి పరిచింది కూడా ఆమే. ఆ బ్యాటరీ పోతే ఆమెకు బతుకుతెరువు లేదు. అందుకే కారుతో వచ్చిన హిందీ పుస్తకాన్ని కూడబలుక్కుని చదివింది. ఈ వేసవి సెలవుల్లో కారును నలభై రోజులు పాకలో ఉంచాల్సి వస్తే, సగం ఛార్జింగుతోనే వదిలింది. ఉక్కు కర్మాగారం బ్యాటరీ గదిలో పనిచేసి రిటైరైన పొరుగింటి నరసింగరావు ఊరుకోలేదు.

“ఏటే గున్నమ్మా, మతి పోయిందేటి? ముప్పై ఏళ్లు బ్యాటరీలు సాకినోణ్ణి. నిండా ఎక్కించకుండా వదిలితే చచ్చిపోద్ది.”

“అవి యాసిడ్ బ్యాటరీలు బాబాయ్, ఇది లిథియం. కడుపు నిండా తిని మే ఎండలో పడుకుంటే నీకు మాత్రం బాగుంటాదేటి?”

“సర్లే. జూన్‌లో తోయడానికి నన్ను పిలవకు.”

బడి తెరిచిన రోజు ఆమె కారుకు నిండా ఛార్జింగు పెట్టి, ఆయన్నే పిలిచి ముందు సీట్లో కూర్చోబెట్టింది. జాముల్‌కు రెండుసార్లు వెళ్లొచ్చాక మీటరు నిరుడు మిగిలినంత ఛార్జింగే మిగిలిందని చూపింది. కారు దిగిన నరసింగరావు అలవాటుగా మేకు మీది ప్లగ్గు అందుకున్నాడు. గున్నమ్మ దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని మళ్లీ మేకుకే తగిలించింది.

“ముందు చెయ్యి పెట్టి చూడు బాబాయ్.”

ఆయన చెప్పులు విడిచాడు.