చిన్నరాజు ఆదివారాలు మోప్కా ఎందుకు వెళ్ళేవాడంటే

నిన్న పొద్దున్న నేను పోయానని నాకే ఫోన్ వచ్చింది.

ఫ్యామిలీ గ్రూప్‌లో ఎవరో "అప్పలరాజు ఇక లేడు" అని పెట్టారట. నేను చూసుకోలేదు. విజయనగరం నుంచి మా మేనత్త ఏడుస్తూ ఫోన్ చేసింది. "అత్తా, నేనే మాట్లాడుతున్నాను" అన్నాను.

ఆవిడ "అయితే సిన్నోడా!" అని మళ్ళీ మొదలెట్టింది.

తమ్ముడు పోయాడని నాకు తెలిసింది అలాగ.

బాబాయి కొడుకు వాడు. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం మా వైపు అలవాటు కదా. మా నాన్న నాకు పెట్టాడు, బాబాయి వాడికి పెట్టాడు. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి నేను పెద్దరాజు, వాడు చిన్నరాజు.

నిన్న ఆదివారం. రాజ్‌కిశోర్ నగర్‌లో వాళ్ళింట్లో షూ లేసులు కట్టుకుంటూ అలాగే ఒరిగిపోయాడట. హార్ట్ అన్నారు.

తొంభైల్లో మా కాలనీ మొత్తానికి కంప్యూటర్ తెలిసినవాడు వాడొక్కడే. గోల్ బజార్‌లో బట్టల కొట్టు పైన రెండు గదుల ఆఫీసు. క్లినిక్‌ల పేషెంట్ రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించే చిన్న సంస్థ. ఏసీ మెషీన్‌కి, ఫ్యాన్ మనుషులకి.

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అంటే "రేడియో మెకానిక్ లాంటిదేటి?" అని అడిగేవారు. వాడు నవ్వి ఔననేసేవాడు.

ఆ ఉద్యోగం నేనే చెప్పి పెట్టించాను. కాబట్టి గొప్పలు కూడా నేనే చెప్పుకునేవాణ్ణి.

ఒక క్లినిక్‌లో గోనెసంచుల కొద్దీ పాత కార్డులు. ఒకే మనిషికి రెండేసి, మూడేసి. పేరు, ఇంటిపేరు, వయసు కలిస్తే అన్నీ ఒకటైపోయేలా వాడు ప్రోగ్రామ్ రాశాడు. "డూప్లికేట్లన్నీ పోయాయన్నా!" అని స్వీట్లు తెచ్చాడు.

ఒకే పేరుతో ఇద్దరు అన్నదమ్ములున్న ఇల్లు మాది. అయినా వాడికి తట్టలేదు. ఆ స్వీట్లు తిన్న నాకూ తట్టలేదు.

సింహాచలం మావయ్య ఈ గ్రూప్‌లో మీ అందరికీ తెలుసు. అప్పట్లో ఇంజన్ డ్రైవర్. ఆయన పెదనాన్న కొడుకూ సింహాచలమే. ఒకే ఈడు. ఇద్దరి కార్డులూ ఒకటైపోయాయి.

మావయ్య పాత కార్డు మీద ఎర్ర పెన్సిల్‌తో "సల్ఫా మందు పడదు" అని రాసి ఉండేది. కంప్యూటర్లో మిగిలింది రెండో సింహాచలం కార్డు, అందులో అది లేదు.

జ్వరం మగతలో మావయ్య చెప్పలేకపోయాడు. అత్త ఊళ్ళో లేదు. డాక్టరు కంప్యూటర్ కాగితం చూసి మందు రాశాడు. ఒళ్ళంతా బొబ్బలెక్కింది. ప్రాణం దక్కింది గానీ కళ్ళు పోయాయి.

మందు వికటించిందనే మీరంతా విన్నారు. అసలు సంగతి ఇది.

చిన్నరాజు క్లినిక్‌కి వెళ్ళి, కట్టలు విప్పి, ఆ రెండు కార్డులూ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఇది నా వల్లే. ఎల్లి మావయ్యకి సెప్పేస్తాను."

"సెప్తే పోయిన కళ్ళొస్తాయేటి? నీ నౌకరీ పోద్ది. నోర్మూసుకో" అన్నాను.

పెద్దవాణ్ణి కదా, విన్నాడు. ఆ కార్డులు నా చేత్తో నేనే చింపేశాను.

ఆ వారమే ప్రోగ్రామ్ మార్చేశాడు. పేర్లు కలిస్తే మెషీన్ ఆగిపోయి, ఒకరా ఇద్దరా అని మనిషినే అడిగేది. "యే తో బడా శక్కీ మెషీన్ హై", ఇది ఒట్టి అనుమానాల మెషీన్ అని ఆఫీసులో ఏడిపించేవారు. పెద్ద ఊళ్ళ నుంచి ఆఫర్లొచ్చినా కదల్లేదు. కెరీర్ అంతా ఆ రెండు గదుల్లోనే.

ఇక ప్రతి ఆదివారం స్కూటర్ మీద మోప్కాలో మావయ్య ఇంటికి. హిందీ పేపర్ మొత్తం చదివి వినిపించేవాడు, రైల్వే వార్తలు ముందు. తిరిగొస్తూ మా ఇంటి దగ్గర ఆగేవాడు. టీ తాగేవాడు కాదు. పంపు దగ్గర మొహం కడుక్కుంటూనే ఉండేవాడు.

"ఇవాళ కూడా దీవించాడన్నా" అనేవాడు.

ఆ మాట అన్నప్పుడు వాడి మొహం చూడలేక నేను లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి.

నిన్నటికి ముందు ఆదివారం అడిగాడు. "అన్నా, ఇప్పుడైనా సెప్దామా?"

"ఇన్నేళ్ళయ్యాక ఏటిరా" అని టీవీ సౌండ్ పెంచాను.

నిన్న మావయ్య చిన్నరాజు ఇంటికి వచ్చాడు, కూతురు మీనా చెయ్యి పట్టుకుని. వేళ్ళతో వాడి మొహమంతా తడిమాడు. తర్వాత నా గొంతు విని నా వైపు తిరిగాడు.

"ఏటి నాయినా, నాను ఈడికి ఏటి సేసినానని ఇన్నేళ్ళు నాకు కళ్ళయిపోనాడు?"

అప్పట్నుంచి అదే మాట చెవుల్లో. అన్నం ముందు కూర్చున్నా అదే, కుళాయి తిప్పినా అదే. భయమేస్తోంది నాకు.

తప్పు వాడు చేశాడు. నిజమే. కానీ ఆ రోజే చెప్పేస్తానన్నాడు. దాచింది నేను. వాడి చేత జీవితమంతా దాయించిందీ నేనే.

మీనాకి తెలుగు చదవడం రాదు. దయచేసి ఎవరూ దీన్ని వాళ్ళకి చదివి వినిపించకండి, ఫోన్ చేసి చెప్పకండి. రేపు పొద్దున్న మోప్కా నేను వెళ్తున్నాను. మావయ్య ఎదుట కూర్చుని నా నోటితోనే చెప్తాను.

వెళ్ళిరా చిన్నోడా. ఇకనైనా నీ మనసు కుదుటపడాలి. నా సంగతి మావయ్య తేలుస్తాడు.