మేధ వదిలిన గడి

మొగుడూ పెళ్లాలు దేనిమీదైనా పోట్లాడుకుంటారు గానీ, బందరులో ఫణికుమార్ ఇంట్లో జరిగినంత విడ్డూరమైన తగువు ఇంకెక్కడా జరిగి ఉండదు. ఆయన గుడివాడలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్. వెబ్‌సైట్లకి కావలసిన బటన్లూ, ఫారాలూ, మెనూలూ రెడీమేడ్‌గా తయారుచేసి, ఎవరైనా ఊరికే వాడుకునేలా ఒక లైబ్రరీగా పెట్టాడు. భార్య మేధ బందరులోనే పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేది. ప్రోగ్రామర్లు రాసుకునే ఒక బ్లాగు వేదిక మీద, ఆ లైబ్రరీని ఎలా వాడాలో తెలుగులో నలభై ఒక్క పాఠాలు రాసింది. ఇక తగువల్లా ఒకటే: బ్లాగు గొప్పదా, లైబ్రరీ గొప్పదా?

“నా లైబ్రరీ లేకపోతే నువ్వు రాసేదేముంది మేధా?” అనేవాడు ఫణి.

“నేను రాయకపోతే నీ బటన్లు నొక్కేదెవరు? నువ్వూ, మీ ప్రిన్సిపాలూనా?” అనేది మేధ.

ఆయనకి రోషం పొడుచుకొచ్చేది. కోడ్ రాయడానికి బుర్ర కావాలి, బ్లాగుదేముంది, ఎవరైనా రాస్తారు అని ఒకసారి చుట్టాల ముందే అనేశాడు. మేధ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు గుర్తొస్తే ఫణికి ఇప్పటికీ ప్రాణం విలవిల్లాడుతుంది.

పదకొండు నెలల క్రితం మేధ కిడ్నీ జబ్బుతో పోయింది. రీఛార్జి గడువు ముగిసిందంటూ ఆమె ఫోనుకి మెసేజీలు వస్తుంటే చూడలేక, ఫణి ఆ సిమ్ తీసి పారేశాడు. పదిమందికి కంప్యూటర్లు నేర్పే మనిషి చేయాల్సిన పనేనా అది? మేధ బ్లాగుకి తాళంచెవి ఆ నంబరే. లోపలికి వెళ్లాలంటే దానికే ఓటీపీ వస్తుంది. దుఃఖంలో ఆయనకి ఆ సంగతే తట్టలేదు.

ఈ నెలలో తట్టింది. ఏడాదిపాటు ఎవరూ లాగిన్ కాని ఖాతాలు తీసేస్తామని బ్లాగువాళ్లు ప్రకటించారు. ఆస్పత్రిలో చేరకముందు ఆమె చివరిసారి లాగిన్ అయిన రోజు నుంచి లెక్క చూస్తే, మేధ ఖాతాకి ఇంక తొమ్మిది రోజులే ఉంది. లైబ్రరీకి ఆ భయం లేదు. అది వేల కంప్యూటర్లలో కాపీలుగా ఉంది, రేపు ఫణి పోయినా బతుకుతుంది. బ్లాగు మాత్రం ఒక్కచోటే ఉంది. పాఠాలైతే ఫణి కాపీ చేసుకున్నాడు గానీ, పిల్లలు ఇప్పటికీ వెతుక్కుంటూ వచ్చి “మేడమ్, అర్థం కాలేదు” అని అడిగే ఆ చోటుని ఎలా కాపీ చేస్తాడు?

ఆ నంబరుని కంపెనీవాళ్లు ఇంకెవరికో ఇచ్చేశారని ఫణికి ముందే తెలుసు. తన ఫోను నుంచి చేయడానికి మొహం చెల్లక, కాలేజీ ఫోను నుంచి చేశాడు.

“ఓటీపీయా? నీలాంటోడి కోసమే కాచుక్కూర్చున్నా! కృత్తివెన్నులో రొయ్యల చెరువు మీదున్నా, కొండలరావంటే ఎవరైనా చూపిస్తారు. దమ్ముంటే ఇక్కడికొచ్చి అడుగు!” అని అవతలి మనిషి ఫోన్ పెట్టేశాడు.

తిట్టినా అడ్రసు చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ఫణి బండి వేసుకుని బయల్దేరాడు.

కొండలరావు చెరువులోంచి ట్రే పైకి లాగి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూస్తున్నాడు. ఫణి చెప్పిందంతా విన్నాడు.

“ఆ పేరు అడుగుతూ ఫోన్లు రావడం నిజమేనండీ. బ్లాగులో ఈ నంబరుందట. పాఠంలో డౌటు, మేధ మేడమ్ గారున్నారా అంటారు. రాంగ్ నంబరంటే వినరు. అందుకని ఊరెళ్లారమ్మా, వచ్చేస్తారు అని చెప్తున్నా. కానీ మీరెవరో నేనెట్టా నమ్మేది? ఏదీ, మీ ఫోన్లోంచి ఓ రింగివ్వండి.”

ఫణి తటపటాయించాడు. చివరికి నొక్కాడు. ఆయన ఫోన్లో ‘మేధ’ అని పడింది. కొండలరావు తన ఫోను చూసుకుని, ఫణి వైపు తిప్పాడు. అందులో ‘మాట్లాడని మనిషి’ అని ఉంది.

“రోజూ ఒంటిగంటకి ఫోన్ చేసి పెట్టేసేది మీరాండీ?”

ఫణి తలూపాడు. మేధ ఉన్నన్నాళ్లూ సరిగ్గా ఒంటిగంటకి గుడివాడకి ఫోన్ చేసి, తిన్నావా అని అడిగేది. ఆ వేళకి ఫోను మోగకపోవడం భరించలేక తనే చేస్తున్నాడు. ఎవరో హలో అనగానే పెట్టేస్తున్నాడు.

“మిమ్మల్ని చాలా తిట్టానండీ.” కొండలరావు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. “కానివ్వండి బావగారూ, ఆ ఓటీపీ ఏదో పంపించండి.” వచ్చిన ఆరంకెలూ ఒక్కొక్కటే పైకి చదివాడు.

బ్లాగు తెరుచుకుంది. గండం గడిచిందనుకుంటూ ఫణి గట్టుమీదే కూలబడ్డాడు. అప్పుడు కనిపించింది, మేధ పూర్తిచేయని రాత ఒకటి. పైన ‘బ్లాగు గొప్పదా, లైబ్రరీ గొప్పదా’ అని పేరు. కింద రెండు గడుల పట్టిక. లైబ్రరీ గడి నిండా రాసింది: ‘కళ్లు కనబడనివాళ్లు కూడా వాడుకోగలిగేలా చేశాడు. ఒక్క బటన్ కోసం నెల్లాళ్లు కూర్చున్నాడు. నేనైతే చేయలేను.’

బ్లాగు గడిలో ఒక్కటే మాట: ‘ఇది ఫణి రాయాలి.’

తేదీ చూశాడు. చుట్టాల ముందు ఆయన ఆ మాట అన్న మర్నాడు.

ఫణి ఆ గడిలో వేలు పెట్టి ఏదో రాయబోయాడు. రాశాడు, చెరిపాడు. బ్లాగు ఎవరైనా రాస్తారన్న మనిషికి అరగంట గడిచినా ఒక్క వాక్యం కుదరలేదు. కళ్లనీళ్లు ఫోను మీద పడుతుంటే కొండలరావు చూడనట్టు చెరువు వైపు తిరిగాడు.

మళ్లీ ఇటు తిరిగి, “ఇకమీదట ఆ పిల్లలు ఫోన్ చేస్తే ఏం చెప్పమంటారండీ?” అని అడిగాడు.

పదకొండు నెలలుగా ఫణి నోటి వెంట రాని మాట అప్పుడొచ్చింది.

“చనిపోయిందని చెప్పండి,” అన్నాడు. “పాఠాలు ఉన్నాయని చెప్పండి.”