వదిన పేరున ఒక మునక

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. బాగేపల్లి బస్టాండు పక్కన శెనక్కాయల వ్యాపారం చేసుకుంటూ బతికినవాణ్ణి. కంటికి కనపడింది, చేతికి తగిలింది తప్ప ఇంకొకటి లెక్కలోకి తీసుకునే అలవాటు లేదు. ఇప్పుడు చెప్పబోయేది దయ్యం కథ కూడా కాదు. ఇందులోని మనిషి అప్పటికి నిక్షేపంగా బతికే ఉంది.

ఆమె మా వదిన. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. అన్న కూడా పోయాక నా దగ్గరే ఉండేది. మోకాళ్ళు అరిగిపోయి, మెట్టు దిగాలంటే ఎవరో ఒకరి చెయ్యి కావలసి వచ్చేది.

ఎనభైల మొదట్లో చింతామణిలోని నా స్నేహితుడొకడు, కిరాణా వ్యాపారి, సముద్రం పక్క ఊళ్ళు చూసి రావడానికి వ్యాను మాట్లాడాడు. ఉడుపి, మల్పె, మరవంతె, గోకర్ణం. చిక్కబళ్ళాపురం నుంచి కూడా కొందరు వస్తున్నారు. పిల్లల పరీక్షలని మా ఆవిడ రానంది. ఆ మాట విని వదిన, తాను వస్తానని అడిగింది. మా పక్క వాన పడి చెరువులోకి నాలుగు నీళ్ళు చేరితే చూడ్డానికి ఊరంతా పోతుంది. సముద్రం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

వ్యానులో చోటు లేదని చెప్పాను. చోటు ఉంది. వెనక సీటు ఖాళీయే. ఊరూరా ఆమెను దించుతూ ఎక్కిస్తూ ఉండాలి కదా అని నాకు విసుగు.

ఆమె మళ్ళీ అడగలేదు. దారిలో తినడానికని చెక్కలు, ఓళిగలు చేసి బుట్టకెత్తింది. బయలుదేరేటప్పుడు ఒక్కటే చెప్పింది.

"నా పేరు చెప్పి ఒక మునక మునుగప్పా. నేను ఈడుంటే ఏం, నాకు వచ్చే పుణ్యం వస్తాది."

మాలో అది మామూలే. స్నానానికి పోయినవాళ్ళు ముందు తమకోసం మునుగుతారు. తరువాత, రాలేనివాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పైకి చెప్పి, ఒక్కో పేరుకు ఒక్కో మునక వేస్తారు. సరేనన్నాను. ఆమె ఇచ్చిన బుట్టను ఆ ఖాళీ సీట్లోనే పెట్టాను.

పడమటి కనుమల ఘాట్ రోడ్డు దిగగానే లోకం మారిపోయింది. పెంకుటిళ్ళు, కొబ్బరి తోటలు, ఇంటింటికీ ఒక బావి, చేతికందేంత పైకి నీళ్ళు. మా తెలుగు కలిసిన కన్నడం విని ఉడుపి హోటల్లో వడ్డించేవాడు నవ్వు ఆపుకున్నాడు. మల్పెలో చేపల వాసనకు ముక్కు మూసుకున్న చిక్కబళ్ళాపురం ఆయన అలాగే సముద్రంలోకి దిగి, అలాగే మునిగి, అలాగే బయటికొచ్చాడు.

నేను మాత్రం మునగలేదు. నాకు నీళ్ళంటే భయం. చిన్నప్పుడు బావిలో పడ్డాను. చీర కొంగు బావిలోకి వదిలి నన్ను పైకి లాగింది వదినే. మల్పెలో చెంబుతో నాలుగు నీళ్ళు నెత్తిన పోసుకుని వచ్చేశాను. వదిన మునక తరువాతి ఊళ్ళో చూసుకుందామనుకున్నాను.

మరవంతెలో రోడ్డుకు ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఏరు. మంచి ఎండ. సముద్రంలోకి ఆడవాళ్ళు ఒక చోట, మగవాళ్ళు ఇంకో చోట దిగారు. నేను తడి ఇసుకలో నిలబడ్డాను. అల వెనక్కి పోతూ కాళ్ళ కింది ఇసుకను లాగేస్తుంటే, అక్కడి నుంచే తిరిగొచ్చి వ్యానులో కూర్చున్నాను.

బండి కదలబోతుంటే నా స్నేహితుడి భార్య రాజమ్మ ఆపమంది.

"పెద్దామె ఎక్కలేదే. యాడుండాది?"

ఏ పెద్దామె అని అడిగాం. నీళ్ళలో ఒక ముసలావిడ తన చెయ్యి పట్టుకుని మునిగిందని రాజమ్మ చెప్పింది. నేరేడుపండు రంగు చీర. మాట మన పక్కదే. మోకాళ్ళు నిలవవు, గట్టిగా పట్టుకోమన్నదట. ఎవరితో వచ్చావని అడిగితే మా వ్యాను వైపు చెయ్యి చూపిందట.

మగవాళ్ళు దిగి చూశారు. వలలు ఎండేస్తున్న జాలర్లు తప్ప ఆ ఒడ్డున ఎవరూ లేరు. ఉప్పునీళ్ళు తలకెక్కినాయని రాజమ్మను భర్త ఆటపట్టించాడు. నేనూ నవ్వాను.

"నగండి, నగండి. ఎవరి పేరున మునిగిందో గూడా విన్నా. ఇది మా బుడ్డోనికి, వానికి నీళ్ళంటే భయం, వాడు మునగడు అనింది."

నన్ను బుడ్డోడని పిలిచేది వదిన ఒక్కతే, అదీ ఇంట్లోనే. వ్యానులో ఎవరికీ ఆ పేరు తెలియదు. వెనక్కి తిరిగి చూశాను. సీట్లో బుట్ట ఉంది. అంతే.

ఆమెకేమైనా అయిందేమోనని, దారిలో తగిలిన మొదటి పెద్ద ఊళ్ళో వ్యాను ఆపించి, మా ఇంటి పక్క అంగడికి ట్రంకాల్ చేసి, మా ఆవిడను పిలిపించాను. వదిన బాగుందని చెప్పింది. పొద్దుటి నుంచీ వసారాలో విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోందట. మధ్యలో స్తంభానికి ఆనుకుని కాసేపు కునికిందట. మనసు కుదుటపడింది. కుదుటపడ్డాక గోకర్ణంలోనైనా ఆమె పేరున మునిగి ఉండాల్సింది. అక్కడా ఒడ్డునే నిలబడ్డాను.

ఇంటికి వచ్చిన రోజు వదినకు అబద్ధం చెప్పాను, నీ పేరున మునిగినానని. ఆమె నా ముఖం వైపు చూడలేదు. ఖాళీ బుట్ట దులుపుతూ అన్నది:

"ఉప్పునీళ్ళు పడితే కండ్లు అంత మంటెత్తుతాయని నాకెవరూ చెప్పలేదే."

మేం ఊళ్ళో లేనప్పుడు ఎవరో చెప్పి ఉంటారులే అనుకున్నాను. మరవంతెలో మన పక్క ముసలావిడ ఇంకొకామె ఉండి ఉండొచ్చు. బుడ్డోడని పిలిపించుకునేవాళ్ళు మా తాలూకాలో ఎంతమందో. ఒక్కొక్కటీ విడిగా చూస్తే దేనికదే సరిపోతుంది. అన్నీ కలిపి చూస్తే ఈనాటికీ నాకు అంతు చిక్కదు.

కొన్నేళ్ళకు నేనే కారు మాట్లాడి, సముద్రం చూపిస్తాను రమ్మని ఆమెను పిలిచాను.

"ఇంగెందుకప్పా. పోయొస్తిమి గదా" అంది.

తరువాత మేమిద్దరం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. వెనక సీటు ఖాళీగా ఉండిందన్న సంగతి ఆమె పోయేదాకా నేను చెప్పలేదు. ఆ సీటు సంగతి ఆమెకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదని మాత్రం నాకు తెలుసు.